టేపు కొలిచేదెంత, సమీకరణం ఊహించేదెంత

బతికున్న మనిషి ఒంట్లో కొవ్వు ఎంతుందో నేరుగా తూచే సాధనం లేదు. ఇక్కడ మొదలుపెడితే తక్కిన విషయమంతా తేలిగ్గా అర్థమవుతుంది. జిమ్‌లో చేరిన రోజు చేతికిచ్చే చీటీ మీద 27.4 శాతం అని అచ్చయినా, ఇంట్లో కాళ్లు పెట్టి నిలబడే డిజిటల్ తూకం 31.2 అని చూపినా, ఫోన్‌లో నడుము, మెడ కొలతలు నింపగానే 22 అని తేలినా, వీటిలో ఏదీ కొవ్వును కొలవలేదు. ఒక్కోటీ ఇంకేదో కొలిచి, దాన్నుంచి కొవ్వును అంచనా కట్టింది.

అంచనా అన్నంత మాత్రాన కొట్టిపారేయనక్కర్లేదు. వైద్యంలో మంచి అంచనాల మీద నడిచే పనులు చాలా ఉన్నాయి. అయితే ఏ అంచనా విన్నా మూడు ప్రశ్నలు అడగాలి. నిజంగా కొలిచింది ఏమిటి? దాన్ని కొవ్వుగా మార్చిన లెక్క ఎవరి శరీరాల నుంచి వచ్చింది? తప్పితే ఎంత తప్పుతుంది? ఈ మూడింటికీ జవాబు తెలియకుండా శాతం ఒక్కటే పట్టుకుని తిండి మానేసేవాళ్లను, మందులు కొనేవాళ్లను చూస్తున్నాం కాబట్టి, కాస్త ఓపికగా ఆ జవాబులు వెతుకుదాం.

బరువు ఒక్కటే చూస్తే పొరబడతామని గట్టిగా చూపించినవాడు అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకీ. 1942లో ఆయన బృందం 25 మంది వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్లను పరీక్షించింది. ఫుట్‌బాల్ అంటే మనమనుకునే ఆట కాదు. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని ఢీకొట్టి పడగొట్టే అమెరికన్ ఆట. ఆనాటి ఎత్తు–బరువు పట్టికల ప్రకారం వారిలో 17 మంది అధిక బరువు కారణంగా సైన్యానికి పనికిరారు. బెంకీ వాళ్లను నీటిలో ముంచి తూచాడు. పట్టికలు కొవ్వని అనుమానించిన బరువులో అధిక భాగం కండేనని తేలింది.

నీటిలో తూచడం ఎందుకంటే, కొవ్వు నీటికన్నా తేలిక, కండా ఎముకా నీటికన్నా బరువు. వంటనూనె నీటి మీద తేలినట్టే కొవ్వూ తేలుతుంది. ఒక ఘన సెంటీమీటరు కొవ్వు సుమారు 0.9 గ్రాములు తూగుతుంది. కొవ్వు కాని తక్కినదంతా, అంటే కండ, ఎముక, అవయవాలు, వాటిలోని నీరు కలిపి చూస్తే, ఒక ఘన సెంటీమీటరుకు సగటున 1.1 గ్రాములు తూగుతుంది. ఇలా ఒక పరిమాణంలో ఎంత బరువు ఇమిడి ఉందో చెప్పే లెక్కకే సాంద్రత అని పేరు. ఒక మనిషి మొత్తం సాంద్రత తెలిస్తే, అది 0.9కి ఎంత దగ్గరగా, 1.1కి ఎంత దగ్గరగా ఉందన్న దాన్నిబట్టి కొవ్వు వాటా తేల్చవచ్చు.

ఆ తేల్చే సూత్రాన్ని 1950ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన విలియం సిరి ఇచ్చాడు. 495ను సాంద్రతతో భాగించి, వచ్చిన దాంట్లోంచి 450 తీసేస్తే కొవ్వు శాతం. 495, 450 అన్న అంకెలు ఎక్కణ్నుంచో ఊడిపడలేదు. 0.9, 1.1లను పెట్టి బడి పిల్లల బీజగణితం చేస్తే అవే వస్తాయి.

గాలిలో 70 కిలోలు తూగే మనిషిని నీటిలో పూర్తిగా ముంచి, ఊపిరంతా వదిలించి తూస్తే రెండు కిలోల చిల్లర మాత్రమే తూగవచ్చు. ఆ తేడా నుంచి అతని పరిమాణం, దాన్నుంచి సాంద్రత లెక్కగడతారు. అది 1.048 అనుకుందాం. సిరి సూత్రంలో వేస్తే 22 శాతం కొవ్వు వస్తుంది. ఊపిరి పూర్తిగా వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో లీటరుకు పైగా గాలి మిగులుతుంది. దాన్ని విడిగా కొలిచి తీసేయాలి. ఇంత శ్రమ పడితే వచ్చేది సాంద్రత మాత్రమే. కొవ్వు శాతం ఇంకా ఒక ఊహ అవతలే ఉంది.

ఆ ఊహ ఏమిటంటే, కొవ్వు కాని భాగం సాంద్రత మనుషులందరిలో 1.1 అని. నిజంగా అందరిలో అంతేనా? బ్రస్సెల్స్‌లో 1979 నుంచి 1983 దాకా 25 భౌతికకాయాలను చర్మం, కొవ్వు, కండ, ఎముక, అవయవాలుగా విడదీసి తూచారు. కొవ్వు పొరలు తీసేసిన శరీరంలో ఎముక వాటా ఒకరిలో సుమారు 16 శాతం ఉంటే మరొకరిలో 26 దాకా ఉంది. ఎముక పాలు మారితే సాంద్రతా మారుతుంది. ఇందాకటి మనిషికి 1.1కు బదులు 1.09 అని అనుకుంటే, 22 శాతం కాస్తా 19 అవుతుంది. రెండో దశాంశ స్థానంలో ఒక్క అంకె కదిలితే మూడు శాతం కదిలింది. మనం ప్రామాణికం అనుకునే కొలత పునాదే ఇంత సున్నితంగా ఉందని గుర్తుపెట్టుకుని టేపు దగ్గరకు వెళ్దాం.

వేలమంది నావికులను తొట్టెలో ముంచి తూచడం కుదిరే పని కాదు. అందుకని అమెరికా నౌకాదళానికి టేపుతో అయిపోయే పద్ధతి కావాల్సి వచ్చింది. శాన్‌డియాగోలోని నౌకాదళ ఆరోగ్య పరిశోధన కేంద్రంలో జేమ్స్ హాడ్జ్‌డన్, మార్సీ బెకెట్ 1984లో ఆ పద్ధతి తయారుచేశారు. నౌకాదళంలోని స్త్రీ పురుషులను నీటిలో తూచి సాంద్రత కనుక్కున్నారు. వాళ్లకే టేపుతో అనేక చోట్ల కొలతలు తీశారు. ఏ కొలతలు కలిపితే సాంద్రతకు బాగా దగ్గరగా వస్తుందో గణితంతో వెతికారు. మగవారికి నడుము, మెడ, ఎత్తు మిగిలాయి. ఆడవారికి వీటితోపాటు పిరుదుల చుట్టుకొలత చేరింది. ఈ రోజు ఫోన్లలో కనిపించే కొవ్వు లెక్కల్లో చాలావాటికి మూలం ఇదే.

మగవారి సూత్రం ఇలా నడుస్తుంది. నడుము చుట్టుకొలతలోంచి మెడ చుట్టుకొలత తీసేయాలి. వచ్చినదానికి లాగరిథమ్, అంటే లెక్కల పుస్తకంలోని సంవర్గమానం తీసి 0.19077తో హెచ్చించాలి. ఎత్తు లాగరిథమ్‌ను 0.15456తో హెచ్చించాలి. 1.0324లోంచి మొదటిది తీసేసి రెండోది కలిపితే సాంద్రత. దాన్ని సిరి సూత్రంలో వేస్తే కొవ్వు శాతం. కొలతలన్నీ సెంటీమీటర్లలో ఉండాలి.

ఒకసారి చేసి చూద్దాం. ఎత్తు 170, నడుము 90, మెడ 37 సెంటీమీటర్లున్న మగమనిషి. 90లోంచి 37 పోతే 53. దాని లాగరిథమ్ 1.724. ఎత్తుది 2.230. హెచ్చించి, తీసేసి, కలిపితే సాంద్రత 1.0482. కొవ్వు 22.2 శాతం. ఆడవారి సూత్రంలో నడుము, పిరుదులు కూడి మెడ తీసేస్తారు. అంకెలు వేరు, నడక అదే. ఎత్తు 155, నడుము 82, పిరుదులు 96, మెడ 32 ఉన్న స్త్రీకి ఆ లెక్కన 34.2 శాతం వస్తుంది.

మెడ ఎందుకు వచ్చిందన్నది అందరూ అడిగే ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న కూడా. ఒళ్లు చేస్తున్నకొద్దీ నడుము దగ్గర పెరిగినంతగా మెడ దగ్గర పెరగదు. మెడ లావు చాలావరకు ఎముకల కట్టునూ కండనూ చూపుతుంది. కాబట్టి ఒకే నడుమున్న ఇద్దరిలో మెడ లావుగా ఉన్నవాడి నడుములో కొంత భాగం దిట్టమైన కట్టుదని ఈ సూత్రం అనుకుంటుంది. 170 సెంటీమీటర్ల ఎత్తు, 90 నడుము ఉన్న ఇద్దరిలో మెడ 40 అయితే 20.1 శాతం వస్తుంది, మెడ 35 అయితే 23.6 వస్తుంది. ఇది తెలివైన ఆలోచనే. కానీ మెడలోనూ కొవ్వు చేరుతుంది. అది చేరినవాళ్లకు ఈ సూత్రం దాన్ని కండగా లెక్కవేసి శాతాన్ని తగ్గించి చూపిస్తుంది. అమెరికా భూసైన్యం 2023లో మెడ కొలతను పక్కనపెట్టి, బొడ్డు దగ్గరి చుట్టుకొలత, బరువు మాత్రమే తీసుకునే కొత్త సూత్రానికి మారింది.

ఇప్పుడు తప్పు ఎంతన్న ప్రశ్న. నౌకాదళ సూత్రానికి ప్రామాణిక దోషం సుమారు మూడున్నర శాతం. దీని అర్థం జాగ్రత్తగా చూడాలి. సూత్రం 22.2 అని చెప్పిన ప్రతి ముగ్గురిలో ఇద్దరి అసలు విలువ 18.7కూ 25.7కూ మధ్య ఉంటుంది. మూడోవాడు ఆ పరిధి బయట ఉంటాడు. ఇరవై మందిలో పంతొమ్మిది మందిని పట్టాలంటే పరిధి 15 నుంచి 29 దాకా సాగుతుంది. జిమ్ గోడల మీద వేలాడే పట్టికల్లో 15 అంటే వ్యాయామం చేసే ఒళ్లు, 29 అంటే స్థూలకాయం. ఒకే జవాబు కింద ఆ ఇద్దరూ ఉండవచ్చు. అందువల్ల ఈ సంఖ్యను దశాంశంతో చెప్పడం నాకు తప్పుగానే తోస్తుంది. ఇరవై రెండు అటూ ఇటూగా అనడమే సత్యానికి దగ్గర.

ఇంకో గుణం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ఇలాంటి సమీకరణాలన్నీ మనుషులను సగటు వైపు లాగుతాయి. బాగా సన్నగా ఉన్నవాళ్లకు కాస్త ఎక్కువ, బాగా లావుగా ఉన్నవాళ్లకు కాస్త తక్కువ చెప్పే ధోరణి వాటికి ఉంటుంది. ఎవరికి కచ్చితమైన జవాబు ఎక్కువ అవసరమో వాళ్ల దగ్గరే ఎక్కువ తప్పుతాయి.

ఇదంతా టేపు సరిగ్గా పట్టినప్పటి సంగతి. సరిగ్గా పట్టడం అనుకున్నంత సులువు కాదు. టైలరు టేపు కొసన ఇత్తడి రేకు ఉంటుంది. కొన్ని టేపుల్లో సున్నా ఆ రేకు అంచు నుంచి మొదలవుతుంది, కొన్నిట్లో రేకు తర్వాత. పాత టేపు సాగి ఉంటుంది. ఒకవైపు అంగుళాలు, మరోవైపు సెంటీమీటర్లు ఉంటాయి కాబట్టి మెడ ఒకవైపు, నడుము మరోవైపు చదివి కలిపేసే ప్రమాదం ఉంది. ముందు ఒక స్కేలు పక్కన పెట్టి టేపును సరిచూసుకోవడం మంచిది.

ఎక్కడ కొలవాలన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. నౌకాదళ పద్ధతిలో మగవారికి బొడ్డు దగ్గర, ఆడవారికి నడుము అన్నిటికన్నా సన్నగా ఉన్నచోట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా నడుమ. ఈ మూడు చోట్లా ఒకే మనిషికి మూడు అంకెలు వస్తాయి. ఏ సూత్రం వాడితే ఆ సూత్రం చెప్పిన చోటే కొలవాలి. ప్యాంటు సైజు ఎక్కడా పనికిరాదు. పొట్ట ఉన్నవాళ్లకు ప్యాంటు పొట్ట కింద నిలుస్తుంది. నడుము 34 అని ఇరవయ్యేళ్లుగా కొంటున్నవారి బొడ్డు చుట్టూ టేపు పెడితే 40 అంగుళాలు తేలడం మామూలే. మొలతాడుదీ ఇదే కథ. అది తుంటి మీదకు జారి కూర్చుంటుంది కాబట్టి పైన పొట్ట ఎంత పెరిగినా బిగుసుకోకపోవచ్చు. చీర కట్టేవారికి లంగా బొందు పడ్డ గీత మీద కొలవడం అలవాటు. అక్కడ చర్మం నొక్కుకుపోయి ఉంటుంది. బొందు వదులు చేసి కాసేపు ఆగి కొలవాలి.

పద్ధతి ఇది: పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు, చొక్కా లేకుండా లేదా పలుచని బట్ట మీద. పాదాలు దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడాలి. టేపు వెనకాల కిందికి జారకుండా నేలకు సమంగా ఉందో లేదో ఇంకొకరు చూడాలి, లేదా అద్దంలో పక్కకు తిరిగి చూసుకోవాలి. మామూలుగా ఊపిరి వదిలిన క్షణంలో చదవాలి. చర్మాన్ని తాకాలి గానీ నొక్కకూడదు. మెడ దగ్గర గొంతు ముడికి కింద, టేపు ముందువైపు కాస్త వాలేట్టు. రెండుసార్లు కొలిచి, సెంటీమీటరుకు మించి తేడా వస్తే మూడోసారి కొలవాలి.

టేపు చుట్టగానే పొట్ట లోపలికి లాక్కోవడం మనిషి స్వభావం. దాని విలువ ఎంతో చెప్పగలం. ఇందాకటి మనిషి పొట్ట బిగపట్టి 90ని 86 చేస్తే 22.2 కాస్తా 19.3 అవుతుంది. మూడు నెలలు నడిచి సాధించాల్సిన మార్పు క్షణంలో కాగితం మీద వచ్చేస్తుంది. తెలియకుండానే రెండు సెంటీమీటర్లు ఎక్కువ పట్టి 92 అని చదివితే 23.6.

నౌకాదళ సూత్రం ఒక్కటే లేదు. 2018లో లాస్ ఏంజిలెస్‌లోని సీడార్స్ సైనాయ్ వైద్యకేంద్రానికి చెందిన వుల్కాట్, బెర్గ్‌మన్ ఇంకా సరళమైనది ఇచ్చారు. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో డెక్సా స్కాన్ తీయించుకున్న వేలమంది వివరాలు తీసుకుని, మూడు వందలకు పైగా సూత్రాలను పోల్చి ఒకటి ఎంచారు. డెక్సా అంటే ఎముకల గట్టిదనం చూడటానికి వచ్చిన ఎక్స్‌రే. రెండు వేర్వేరు శక్తుల కిరణాలు పంపి, అవి ఎంత ఆగాయో చూసి ఎముక, కొవ్వు, తక్కిన మెత్తని భాగం వేరుచేస్తుంది. వీళ్ల సూత్రం నోటితో చెప్పుకోవచ్చు. ఎత్తును నడుముతో భాగించి 20తో హెచ్చించాలి. దాన్ని మగవారికి 64లోంచి, ఆడవారికి 76లోంచి తీసేయాలి.

మన ఉదాహరణలకు వేసి చూస్తే మగమనిషికి 26.2, స్త్రీకి 38.2 వస్తాయి. నౌకాదళ సూత్రం చెప్పినవి 22.2, 34.2. ఇద్దరికీ నాలుగేసి శాతం తేడా. ఒళ్లు మారలేదు, టేపూ మారలేదు. ఒక సూత్రం నీటి తొట్టెను గురువుగా పెట్టుకుని నావికుల మీద నేర్చుకుంది, రెండోది స్కానును గురువుగా పెట్టుకుని అమెరికా సామాన్య జనం మీద నేర్చుకుంది. కాబట్టి ఒక సూత్రంతో మొదలుపెట్టినవాళ్లు మధ్యలో ఇంకోదానికి మారితే, పెరగని కొవ్వు పెరిగినట్టూ తగ్గని కొవ్వు తగ్గినట్టూ కనిపిస్తుంది.

చర్మాన్ని వేళ్లతో మడిచి, ఆ మడత మందాన్ని పటకారు లాంటి కాలిపర్‌తో కొలిచే పద్ధతి వీటికన్నా పాతది. గ్లాస్గోలో డర్నిన్, వొమర్స్‌లీ 1974లో 481 మందిని కొలిచి ఇచ్చిన పట్టికలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. కొలిచే చేతికి నేర్పు ఉండాలి. చర్మం కింది కొవ్వు మాత్రమే దీనికి చిక్కుతుంది, పొట్ట లోపలిది చిక్కదు. పాదాలు పెట్టి నిలబడే తూకాలు ఒంట్లోకి చిన్న విద్యుత్తు పంపి అది ఎంత అడ్డుకుందో కొలుస్తాయి. ఉప్పునీరున్న కండ విద్యుత్తును పోనిస్తుంది, కొవ్వు అంతగా పోనివ్వదు. రెండు పాదాల నడుమ పోయే ఆ విద్యుత్తు ఎక్కువగా కాళ్లలోంచి, నడుము కింది భాగంలోంచే ప్రయాణిస్తుంది. తక్కిన ఒంటి సంగతి మనం నింపిన ఎత్తు, వయసు, ఆడా మగా అన్న వివరాల నుంచి ఊహిస్తుంది. ఎండలో చెమటపట్టి వచ్చాక ఒక అంకె, నీళ్లు తాగి పడుకుని లేచాక ఇంకో అంకె రావడానికి కారణం నీరే, కొవ్వు కాదు.

రెండో ప్రశ్న మిగిలింది. ఈ లెక్కలు ఎవరి శరీరాలవి? మనవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్‌కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో ఒక్క పేజీలో తమ సొంత ఒళ్లనే ఉదాహరణగా పెట్టి ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే కిలోల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య, ఒకటే: 22.3. డెక్సా స్కాన్‌లో యుడ్‌కిన్ కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ కొవ్వు 21.2 శాతం. ఎత్తుకు తగ్గ బరువుందని తృప్తిపడే చోట ఒకరికి మరొకరికన్నా రెండింతలకు పైగా కొవ్వుంది. పుణె పరిసరాల్లో పుట్టిన పిల్లల్లోనూ యాజ్ఞిక్ బృందం ఇదే చూసింది. అక్కడి శిశువులు సగటున 2.7 కిలోలుంటే ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులు 3.5 కిలోలు. బరువు, పొడవు, కండ అన్నీ తక్కువగా ఉన్న ఈ పసివాళ్లలో చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు.

అంటే మన సగటు శరీరంలో అదే బరువుకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట లోపల కాలేయం, పేగుల చుట్టూ చేరే కొవ్వు ఎక్కువ. చక్కెర వ్యాధికి దారితీసేది ఆ లోపలి కొవ్వే. అమెరికా నావికుల కండను చూసి నేర్చుకున్న సమీకరణం మన సన్నని చేతులు, సన్నని కాళ్లు, ముందుకొచ్చిన పొట్ట ఉన్న మనిషిని చూసినప్పుడు ఆ చేతుల సంగతి దానికి తెలియదు. కండ ఇంతుంటుందని అది ముందే అనుకుని ఉంటుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో తొలిసారిగా నడుము, పిరుదుల చుట్టుకొలతలు కూడా తీసింది. బీఎంఐ 25, అంతకుమించి ఉన్నవారు స్త్రీలలో 24 శాతం, పురుషులలో 23 శాతం. నడుమును పిరుదులతో భాగించిన నిష్పత్తి ప్రమాద గీత దాటినవారు స్త్రీలలో 57 శాతం, పురుషులలో 48 శాతం. రెంటికీ మధ్యనున్న కోట్లమందికి తూకం యంత్రం మీరు బాగానే ఉన్నారని చెబుతోంది, టేపు కాదంటోంది. భారతీయ వైద్యులు 2009లోనే అధిక బరువు గీతను బీఎంఐ 25 నుంచి 23కు దించి, నడుముకు మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్ల హద్దు పెట్టింది ఇందుకే. 2025 జనవరిలో లాన్సెట్ నియమించిన అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా బీఎంఐ ఒక్కటే చూసి స్థూలకాయం అని తేల్చవద్దని, నడుము లాంటి ఇంకో కొలతైనా తోడుండాలని చెప్పింది.

మన శరీరాల మీద నేర్చుకున్న సమీకరణాలు లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్ పరిసరాల 29 పల్లెల్లో 1987–90 మధ్య గర్భిణులకూ చిన్నపిల్లలకూ పౌష్టికాహారం అందితే ఏమవుతుందో చూసిన అధ్యయనం ఒకటుంది. ఆ పిల్లలు పెద్దయ్యాక, జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, వారి విదేశీ సహచరులు మళ్లీ వెళ్లి వాళ్లను కొలిచారు, డెక్సా స్కాన్లూ తీశారు. భారతీయ స్త్రీ పురుషులలో మామూలు శరీర కొలతల నుంచి కొవ్వు లేని కండ ఎంతో అంచనా కట్టే సమీకరణాలను ఆ సంస్థ పరిశోధకులు 2013లో ప్రచురించారు. మనవాళ్లకు కొరత కండ కాబట్టి, కండనే లెక్కించబోవడం సరైన దారి అని నా అభిప్రాయం. ఫోన్‌లో లెక్కలు తయారుచేసే తెలుగు కుర్రాళ్లు నావికుల సూత్రాన్ని తిరగరాసే బదులు వీటిని చేర్చితే ఎంతో మేలు.

టేపు పట్టకూడనివాళ్లూ ఉన్నారు. గర్భిణులకు, కడుపులో నీరు చేరినవారికి, కాళ్ల వాపున్నవారికి ఈ లెక్కలేవీ వర్తించవు. పెద్దల సూత్రాలు ఎదిగే పిల్లలకు పనికిరావు. కొవ్వు శాతం తగ్గించాలని తిండి మానే ఆడపిల్లలకు ఒక మాట చెప్పాలి. స్త్రీ శరీరానికి పది నుంచి పదమూడు శాతం దాకా కొవ్వు బతకడానికి అవసరమైనది, పురుషుడికి అవసరమైన మూడు నుంచి అయిదు శాతానికి రెండు మూడు రెట్లు. అంత దిగువకు పోకముందే నెలసరి గతి తప్పవచ్చు. నాలుగు శాతం అటూ ఇటూ పోయే కొలతను నమ్మి ఆ అంచుకు నడవడం ప్రమాదం.

సమీకరణానికున్న బలహీనత చాలావరకు ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పోయినప్పటిది. ఒకే మనిషి మీద అదే తప్పు దాదాపు ప్రతిసారీ ఉంటుంది కాబట్టి మార్పు కొంత నమ్మకంగా తెలుస్తుంది. మన ఉదాహరణలోని మనిషి నిజంగానే 90 నుంచి 86కు దిగితే, ఒక సూత్రం 22.2 నుంచి 19.3కు, రెండోది 26.2 నుంచి 24.5కు దిగుతాయి. అసలు శాతం మీద తగువున్నా దిశ మీద లేదు. నెలకోసారి, అదే టేపు, అదే వేళ, అదే చోటు. వారానికి నాలుగుసార్లు కొలిస్తే కనిపించేది కొవ్వు కాదు, నిన్న రాత్రి తిన్న ఉప్పు.

శాతం జోలికే పోని కొలత ఒకటుంది. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ 2022లో దాన్ని సిఫార్సు చేసింది. నడుము ఎత్తులో సగానికి లోపు ఉండాలి. 170 సెంటీమీటర్ల మనిషికి 85, 155 సెంటీమీటర్ల స్త్రీకి 77న్నర. మన ఉదాహరణల్లోని ఇద్దరూ 90, 82తో ఆ గీత దాటారు. అందరికీ ఒకే హద్దు పెట్టినప్పుడు పొట్టివారికి జరిగే అన్యాయం ఇందులో ఉండదు. 160 సెంటీమీటర్ల మగమనిషికి 90 దాకా ఫరవాలేదని చెప్పడం నిజానికి అతన్ని పది సెంటీమీటర్లు ఆలస్యంగా హెచ్చరించడం. టేపు లేకపోయినా ఫరవాలేదు. తల నుంచి మడమ దాకా ఒక పురికొస కొలిచి తెంపి, రెండుగా మడిచి, చివరి పక్కటెముకకూ తుంటికీ మధ్య చుట్టాలి. కొసలు కలవకపోతే కొవ్వు ఎంత శాతమో వెతుక్కుంటూ కూర్చోకుండా, పరగడుపున చక్కెర, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు చూపించుకోవాలి. ఆ పరీక్షలు అంచనాలు కావు, నేరుగా కొలిచినవి, మన ఊళ్లలోనే అవుతాయి.